రెండవ ఆసనం

యాత్రాకథనంలో ముగ్గురు మనుష్యులుంటారు. ప్రయాణం చేసేవాడు, అతనికి తోడు వచ్చేవాడు, ఇంటి దగ్గర కూర్చుండి వినేవాడు. కాలినడకన పోయేవారికీ, రైలులో పోయేవారికీ ఈ తోడు ఎవరైనా కావచ్చును. దారిలో ఎక్కుతారు, దారిలో దిగుతారు. నచ్చనివారిని వదలి నచ్చినవారితో రెండు మజిలీలు సాగవచ్చును. చిన్న విమానంలో ఆ వీలు లేదు. ఇంజను తిరిగిన క్షణం నుండి చక్రాలు మళ్లీ నేలను తాకేవరకు ప్రక్కన ఉన్నవాడు ఒక్కడే. అతనిని మార్చుకొనుటకు వీలులేదు, తప్పించుకొనుటకు వీలులేదు. కాబట్టి మిత్రునితో చేసిన విమానయానాన్ని గూర్చి ఎవరు వ్రాసినా, ఆ గ్రంథాన్ని ముందుగా ఒక ప్రశ్న అడగవచ్చునని నాకు తోస్తున్నది: రచయిత ఆ రెండవ మనిషిని ఏమి చేసినాడు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల వలన పుట్టినది కాదు. కొన్నేండ్ల క్రిందట నా చిన్ననాటి మిత్రుడొకడు తన సెస్నా విమానంలో నన్ను హైదరాబాదు నుండి గన్నవరం తీసికొని వెళ్లినాడు. వచ్చి నేనొక వ్యాసం వ్రాసినాను. నల్లగొండ చెరువులను పగిలిన అద్దపు ముక్కలతో పోల్చినాను. పులిచింతల జలాశయం కనబడిన చోట నాలుగు వాక్యాలు కొంచెం శ్రద్ధగానే కూర్చినాను. అచ్చయిన తరువాత మిత్రుడు చదివి, ‘బాగున్నదోయ్. అయితే ఇందులో నేనెక్కడున్నాను?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంటికి వచ్చి చూచుకొన్నాను. ‘విమానం ఎడమకు ఒరిగినది’, ‘విమానం మేఘం క్రిందికి దిగినది’ అని వ్రాసియున్నాను. విమానం తనంతట తాను ఒరగదు. ఆ క్రియలన్నింటికీ కర్త నా మిత్రుడు. నేను అతని క్రియలను యంత్రానికి ఇచ్చివేసి, అతని చూపులను నేను తీసికొన్నాను.

తెలుగులో ఈ తప్పు దాగదు. ఇంగ్లీషువానికి ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. మనకు రెండున్నవి. ‘మనం’ అంటే వినేవాడు కూడ అందులో చేరినవాడు. ‘మేము’ అంటే వినేవాడు బయటివాడు. ఆకాశంలో ప్రక్కవానితో ‘మనం కృష్ణ దాటుతున్నాము’ అంటాము. దిగి పాఠకునితో చెప్పేటప్పుడు అది ‘మేము కృష్ణ దాటినాము’ అవుతుంది. అంతవరకు న్యాయమే. కాని మూడవ పుట వచ్చేసరికి ‘నేను కృష్ణను చూచినాను’ అని మిగులుతుంది. మనం, మేము, నేను అనే ఈ జారుడులోనే యాత్రారచయిత నిజాయితీ ఎక్కడ పలుచబడినదో కనిపెట్టవచ్చును.

మన పూర్వులు విమానాలెక్కలేదు, ఎక్కినట్లు వ్రాసినారు. ఆ వ్రాతలో ఈ విషయం వారికి మనకంటె బాగా తెలుసు. రఘువంశం పదమూడవ సర్గలో రాముడు పుష్పకం మీద లంక నుండి అయోధ్యకు వస్తూ సీతకు నేలను చూపుతాడు. సముద్రం, సేతువు, జనస్థానం, పంప, మన గోదావరి, చిత్రకూటం, ప్రయాగ, సరయువు. సర్గలో అధికభాగం రాముని మాటే. సీత బదులు చెప్పదు. ఇంతమాత్రం చూచి కాళిదాసు కూడ రెండవ మనిషిని మరచినాడనుట తొందరపాటు. దారి మధ్యలో సీత కిటికీలోనుండి చేయి చాచి మేఘాన్ని తాకుతుంది. ఆ మేఘం మెరుపును ఆమె చేతికి కంకణంగా తొడుగుతుంది. ఇది రాముడు చెప్పితేనే మనకు తెలుస్తున్నది. అనగా అంతసేపూ క్రింద నేలను చూపుతున్న మనిషి ప్రక్కనున్న చేతిని కూడ చూస్తూనే ఉన్నాడు. పైగా అతడు చూపే నేల వట్టి దృశ్యం కాదు. ఇక్కడ నీ అందె దొరికినది, ఇక్కడ నిన్ను వెదకినాను అని చెప్పుకొంటూ వస్తాడు. విడిపోయినప్పుడు ఒంటిగా నడచిన దారిని, కలిసిన తరువాత ఇద్దరూ పైనుండి చూచుట అది. ఎత్తు నుండి చూచినప్పుడు నేల పటమైపోతుంది. ఆ పటాన్ని మళ్లీ నేలగా చేసినది ప్రక్కనున్న సీత.

శాకుంతలం ఏడవ అంకంలో దుష్యంతుడు ఇంద్రుని రథం మీద దిగుతున్నప్పుడు పక్కన ఉన్నది మాతలి. అతడు బదులు చెప్పే తోడు. రాజు, దిగుతున్న కొలదీ నేల పైకి లేచి వస్తున్నట్లున్నదని, ముద్దగా కనబడిన చెట్లకు బోదెలు తేలుతున్నవని, సన్నని నదులు వెడల్పవుతున్నవని వర్ణిస్తాడు. విమానం దిగేటప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న ప్రతివాడూ ఇది సరిచూచుకోవచ్చును. నా ముచ్చట అది కాదు. రాజు అద్భుతపడుతుంటే, మాతలి ఆ దారి ఎరిగినవాడు గనుక స్థలాల పేర్లు చెబుతాడు, అది హేమకూటమని చూపుతాడు. చోదకునికి దారి తెలుసు, ప్రయాణికునికి ఆశ్చర్యం తెలుసు. నాటకం గనుక ఇద్దరికీ నోరున్నది.

మనుచరిత్రలో ప్రవరునికి ఆ తోడు లేదు. పాదలేపంతో ఒంటరిగా హిమాలయానికి పోయినాడు. అందువలన చూచినదంతా పెద్దనయే చెప్పవలసి వచ్చినది. ప్రవరుడు ఎవరితో చెబుతాడు? మంచుకు పసరు కరగిపోయిన తరువాత అతనికి కావలసినది దృశ్యం కాదు, దారి చెప్పే మనిషి. ఆ మనిషి కొరకు వెదకినవానికి వరూధిని కనబడినది. చోదకుడు లేని యానం ఎట్లు ముగుస్తుందో చెప్పుటకు ఇంతకంటె మంచి కథ మనకు లేదు. ఇది కొంచెం చమత్కారంగా అన్నమాట, పెద్దన ఉద్దేశమని ఎవరూ భ్రమపడవద్దు.

ఇక నిజమైన విమానాల సంగతి. మిత్రునితో చిన్న సొంత విమానంలో లోకం చుట్టిన కథలలో ప్రసిద్ధమైనది రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికా రచయిత 1932లో ప్రకటించిన ‘ది ఫ్లయింగ్ కార్పెట్’. ఎగిరే తివాచీ అన్నది వారి విమానానికి పెట్టిన పేరు. అది స్టియర్‌మన్ కంపెనీవారి రెండు రెక్కల విమానం, పైకప్పు లేనిది. నడిపినవాడు మోయ్ స్టీఫెన్స్. జీతం లేదు, ఖర్చులకు మాత్రం లెక్క లేదు. ఈ ఒప్పందానికి పత్రం కూడ లేదు, కరచాలనమే. 1931లో బయలుదేరి సుమారు ఏడాదిన్నర పాటు తిరిగినారు. మహాసముద్రాలను ఓడ మీద దాటినారు, తక్కినది గాలిలో. సహారా దాటి టింబక్టూ, అరబ్బు దేశాలు, పారశీకం, మన ఆగ్రా, హిమాలయం, చివరకు బోర్నియో.

ఆ విమానంలో ఆసనాల అమరిక చూడవలెను. ప్రయాణికుడు ముందు గుంటలో కూర్చుంటాడు, నడిపేవాడు వెనుక గుంటలో. అనగా పుస్తకం వ్రాసినవాడు గాలిలో ఉన్నంతసేపూ తన మిత్రుని ముఖం చూడలేదు. మిత్రుడు ఇతని తల వెనుక భాగాన్ని చూస్తూ సగం ప్రపంచం దాటించినాడు. ఇంజను హోరులో మాట వినబడదు; సైగలే గతి. ఇది ఆ గ్రంథానికి ఉపోద్ఘాతంగా పెట్టవలసిన విషయమని నా అభిప్రాయం. ఎందుకంటే గ్రంథం ఆసాంతం అట్లే నడుస్తుంది. హాలిబర్టన్ చూపు ఎప్పుడూ ముందుకే. స్థలం మీద స్థలం వస్తుంది, సాహసం మీద సాహసం వస్తుంది. మోయ్ పేరు తరచుగా వినబడుతుంది, మెచ్చుకోలుకు లోటు లేదు. కాని వెనుక ఆసనంలో ఉన్నవాడు ఏ పూట భయపడినాడు, ఏ పూట విసిగినాడు, ఈ మిత్రుని వలన ఎన్నిసార్లు ప్రాణం అరచేతిలో పెట్టుకొన్నాడు అన్నది పాఠకుడు ఊహించుకోవలసినదే.

ఎవరెస్టు ఘట్టం ఇందుకు మంచి ఉదాహరణం. శిఖరాన్ని ఫోటో తీయుటకు హాలిబర్టన్ తెరచిన గుంటలో లేచి నిలబడినాడు. అంత ఎత్తులో గాలి పలచన. ఇంజను బలం తగ్గుతుంది, రెక్కల పట్టు తగ్గుతుంది. అటువంటి చోట ఒక మనిషి గాలికి అడ్డంగా లేచి నిలిస్తే విమానం వేగం పడిపోతుంది. ఆ తేడాను సరిదిద్దవలసినది వెనుకవాడు. ఫోటో ఎవరి పేర ఉన్నదో లోకానికి తెలుసు. ఫోటో తీసినంతసేపూ విమానాన్ని నిలబెట్టిన చేతి సంగతి ఫోటోలో రాదు. ఫోటోలో రానిదానిని వ్రాయుటకే గదా వచనం ఉన్నది!

అయినా ఆ పుస్తకాన్ని కొట్టిపారవేయుట అన్యాయం. హాలిబర్టన్‌కు తనను చూచి తాను నవ్వుకొనే గుణం ఉన్నది, అది చాలమంది యాత్రికులకు లేదు. బోర్నియోలో దయాకుల నాయకుడు విమానంలో త్రిప్పినందుకు కృతజ్ఞతగా వీరికి పొగబెట్టి ఆరబెట్టిన మనుష్యుల తలలను బహూకరించినాడు. కాదంటే మర్యాద తప్పుతుంది, తీసికొంటే బరువు. తీసికొని, వీలు చిక్కగానే వదిలించుకొన్నారు. ఇటువంటి చోట్ల ఇద్దరూ ఒకే ఇరకాటంలో ఉన్నారు, ‘మేము’ అన్న మాట నిండుగా పలుకుతుంది. నేల మీద ఇద్దరుగా ఉన్నవారు గాలిలో ఒక్కరవుతారు, అదీ ముందు కూర్చున్న ఒక్కరు. పుస్తకంలోని బలమూ లోపమూ ఇదే.

ఆంత్వాన్ ద సేంతెగ్జుపెరీ విషయం వేరు. అతడే చోదకుడు, అతడే రచయిత. తోడు వచ్చినవాడు అతని మెకానిక్కు ఆంద్రే ప్రెవో. 1935 డిసెంబరు చివర పారిస్ నుండి సైగాన్‌కు తక్కువ కాలంలో చేరి లక్షా యాభైవేల ఫ్రాంకుల బహుమానం గెలుచుటకు వీరు బయలుదేరినారు. విమానం కోడ్రోన్ సిమూన్, మూసిన గది గలది. రేడియో లేదు. డిసెంబరు 30వ తేదీ తెల్లవారకముందే ఎడారిలో ఇసుకదిబ్బ మీద పడిపోయినారు. దిబ్బ మీదనున్న గుండ్రని నల్లరాళ్లు చక్రాలవలె దొర్లుటచేత ఇద్దరూ బ్రతికినారు. నీళ్ల తొట్టి మాత్రం పగిలినది. కొంచెం కాఫీ, కొంచెం ద్రాక్షసారా, కొన్ని ద్రాక్షపండ్లు, ఒక నారింజ మిగిలినవి. బెదవీను ఒకడు చూచి కాపాడేవరకు దాదాపు నాలుగు దినాలు ఆ ఎడారిలో నడిచినారు. ఈ కథ 1939లో వెలువడిన ‘తేర్ దెజోమ్’ గ్రంథంలో ఒక పెద్ద అధ్యాయం.

ఆ అధ్యాయంలో ఒకచోట ప్రెవో ఏడుస్తాడు. రచయిత అతని భుజం తట్టి ఓదార్చబోతాడు. ప్రెవో తాను తనకొరకు ఏడ్చుట లేదంటాడు. రచయితకు వెంటనే బోధపడుతుంది. తనకూ అదే బాధ. ఎడారిలో ఉన్నవారికి తమ చావు దుస్సహం కాదు, తమ కొరకు ఎదురుచూచే కండ్లు దుస్సహం. ఈ మాటను సేంతెగ్జుపెరీ తన పేర చెప్పుకోవచ్చును, ఎవరూ సాక్ష్యం అడగరు. ముందుగా ప్రెవో నోట పలికించి, తరువాత తాను దానిని అందుకొన్నాడు. రెండవ మనిషికి ఇచ్చిన ఆ ఒక్క వాక్యం వలననే ఆ అధ్యాయం సాహసకథ స్థాయిని దాటినది. నారింజ ముచ్చటా అట్లే. ఒక పండును ఇద్దరు పంచుకొన్నారు. సగమే గనుక దాని విలువ తెలిసినది.

ఇంత చెప్పిన తరువాత ఒక సంశయం కూడ చెప్పవలెను. ప్రెవో ఎంతవరకు ప్రెవో? సేంతెగ్జుపెరీ తలపులు ఉన్నతమైనవి, ఒక్కొక్కప్పుడు మరీ ఉన్నతమైనవి. వాటి వెలుగులో మెకానిక్కు కూడ తత్త్వవేత్తవలె కనబడుతాడు. అతని చేతులకంటిన నూనె, ఇంజనును గూర్చి అతనికి తెలిసిన విద్య, అతని విసుగు, ఇవి తక్కువ. 1938 ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో సేంతెగ్జుపెరీ విమానం మళ్లీ కూలినప్పుడు కూడ ప్రక్కన ఉన్నది ఈ ప్రెవోయే. ఒకసారి చావు చూచి వచ్చినవాడు మళ్లీ అదే మనిషి ప్రక్కన ఎందుకు కూర్చున్నాడు? స్నేహమా, ఉద్యోగమా, అలవాటా? లోకసాహిత్యంలో ఇది వ్రాయవలసిన అధ్యాయమే. అది ప్రెవో వ్రాయవలసినది.

రెండవ ఆసనం కలం పట్టిన సందర్భం లేకపోలేదు. ఆన్ మారో లిండ్‌బర్గ్ 1935లో ప్రకటించిన ‘నార్త్ టు ది ఓరియెంట్’ అటువంటిది. 1931లో భర్త చార్లెస్‌తో కలిసి కెనడా, అలాస్కా, సైబీరియా తీరాల మీదుగా జపానుకు, చైనాకు ఎగిరినారు. ఆమె రేడియో ఆపరేటరు. ఆ పని నేర్చుకొనుట, తప్పులు చేయుట, వెనుక గుంటలో కూర్చుండి చుక్కలు గీతలుగా లోకంతో మాట్లాడుట, వీటిని ఆమె దాచక వ్రాసినది. భర్త లోకప్రసిద్ధుడు, అయినా ఆమె పుస్తకంలో అతడు శిలావిగ్రహం కాలేదు. ప్రక్కనుండి చూచినవారికే తెలిసే మనిషి అయినాడు.

చైనాలో యాంగ్‌సీ వరదల అధ్యాయం నాకు ఈ గ్రంథమంతటిలో శ్రేష్ఠమనిపిస్తుంది. పైనుండి చూస్తే వరద సరస్సువలె ప్రశాంతంగా ఉంటుంది. కొంచెం క్రిందికి వస్తే నీటిలో పొలాల గట్ల గీతలు, ఇండ్ల కప్పులు కనబడుతవి. ఇంకా దిగితే పడవలలో మనుష్యులు. ఒకనాడు చార్లెస్ మందులతో పోవలసి వచ్చినది. వైద్యులకు చోటు కావలెను గనుక ఆమె దిగిపోయినది. ఆ విమానం నీటి మీద వాలగానే ఆకలిగొన్నవారు మందుల కట్టను అన్నమనుకొని పడవలతో చుట్టుముట్టినారు. ఎట్లో తప్పించుకొని రావలసి వచ్చినది. ఆ ఘట్టంలో తాను లేనని ఆమె స్పష్టంగా చెబుతుంది; విన్నదానిని విన్నట్లే చెబుతుంది. తన ఆసనం తనది కాని పూట కూడ రచన తనది అయినవారికి ఈ సంయమనం కష్టం. నేనైతే ఆ పడవల మధ్య నన్ను కూడ ఎక్కడో ఇరికించేవాడిని.

మన దేశంలో ఇటువంటి యానాలు జరుగలేదా అంటే, జరిగినవి. 1930 మార్చిలో చావ్లా, ఆస్పీ ఇంజనీర్ అనే ఇద్దరు యువకులు ఒకే చిన్న మోత్ విమానంలో భారతదేశం నుండి ఇంగ్లండుకు ఎగిరినారు. ఆస్పీకి అప్పటికి పదిహేడేండ్లు. ఆ ఏడే మే నెలలో ఆగాఖాన్ బహుమానం కొరకు అతడు ఒంటరిగా ఇంగ్లండు నుండి కరాచీకి వస్తున్నాడు, జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి ఇంగ్లండుకు పోతున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిసినారు. ఆస్పీ స్పార్కు ప్లగ్గులు లేక ఆగియున్నాడు. పోటీదారుడైన టాటా తన దగ్గరున్నవి ఇచ్చినాడు. ఆస్పీ గెలిచినాడు. 1932 అక్టోబరు 15న టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా తెచ్చినప్పుడు, అహమ్మదాబాదులో అతని విమానానికి పెట్రోలు ఎద్దుల బండి మీద వచ్చినది. బొంబాయి నుండి ఆ తపాలాను అతని మిత్రుడు నెవిల్ విన్సెంట్ అందుకొని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చినాడు. బళ్లారిలో రాత్రి ఆగినాడు. తెలుగు మాట వినబడే ఊరు గదా అది. ఆ సాయంకాలం ఆకాశం నుండి దిగిన మనిషిని చూచినవారు ఏమనుకొన్నారో కథగా వ్రాసిన తెలుగు రచయిత నాకు కనబడలేదు.

ఈ సంఘటనలన్నీ మనకు ముచ్చట్లుగా మిగిలినవి. మరల మరల చెప్పుకొంటే ముచ్చట నున్నబడి నాణెమైపోతుంది. రెండువైపులా ఒకే బొమ్మ కనబడుతుంది. స్పార్కు ప్లగ్గు ఇచ్చిన ఔదార్యం తెలుసు. ఇచ్చేముందు ఒక్క క్షణం చేయి ఆగినదా అన్నది తెలియదు. చావ్లా, ఆస్పీ ఇద్దరూ అన్ని దినాలు ఒకే విమానంలో ఒకరి వెనుక ఒకరు కూర్చుండి ఏమి మాట్లాడుకొన్నారన్నదీ అంతే.

ఇక్కడ నాకు ఏనుగుల వీరాస్వామయ్య జ్ఞాపకం వస్తున్నాడు. 1830 మేలో మద్రాసు నుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. విమానంతో ఏ పోలికా లేదు. కాని కాశీయాత్ర చరిత్ర ఒక మిత్రునికి పంపిన వ్రాతగా రూపొందినది. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల అడిగినాడు, ఈయన వ్రాసి పంపినాడు, 1838లో ఆ మిత్రుడే అచ్చు వేయించినాడు. మిత్రుడు ప్రక్కన లేడు, అయినా ప్రతి మజిలీలోనూ ఉన్నాడు. దారి బాగున్నదా, బావినీరు మంచిదేనా, అంగళ్లలో ఏమి దొరుకును అని వ్రాయుటలో రేపు ఈ దారిన రాబోయే మనిషి మీది శ్రద్ధ కనబడుతుంది. ప్రక్కన కూర్చున్న మిత్రుని నేను మరచినాను. నూరామడల దూరాననున్న మిత్రుని ఆయన మరువలేదు.

చిన్న విమానం తక్కువ ఎత్తున పోయేటప్పుడు దాని నీడ నేల మీద కూడ పరుగెత్తుతుంది, పొలాలు, చెరువులు, ఇండ్ల కప్పులు దాటుతూ. మనవారు తోడూ నీడా అని కలిపి అంటారు. ఆనాడు నేను నీడను చూచి రెండు వాక్యాలు వ్రాసుకొన్నాను. తోడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని ఎవరితోనో ఎత్తులు, దిక్కులు చెబుతున్నాడు. అది నాకు అడ్డుగా తోచినది. ఇప్పుడు ఆ వ్యాసాన్ని మళ్లీ వ్రాస్తున్నాను. ‘విమానం ఒరిగినది’ అన్న చోటనెల్లా అతని పేరు పెట్టి చూస్తున్నాను. సగం వాక్యాలు నిలుచుట లేదు. ఎందుకు ఒరిగించినాడో తెలియకుండ ‘ఒరిగించినాడు’ అని వ్రాయలేను గదా. వచ్చే ఆదివారం అతని ఇంటికి పోయి అడుగవలెను. పులిచింతల దగ్గర మేఘమేమీ లేదు, గాలి నిశ్చలంగా ఉన్నది. అతడు అక్కడ ఎడమకు ఎందుకు తిరిగినాడో నాకిప్పటికీ తెలియదు.